బ్రేకమ్మ పంతం

తోటికోడలు చిట్టి ఈతకొలను గట్టు మీద అడుగుపెట్టిన పొద్దునే బ్రేకమ్మకి ఆ వేసవి చేదెక్కింది.

ముందు ఈ బ్రేకమ్మ ఎవరో చెప్పాలి. ఆమె జనానికి కారు నడపడం నేర్పుతుంది. అలాంటి కార్లలో నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆమె కాలు ఎప్పుడూ దాని మీదే. దారిలో పిల్లి తోక కనిపిస్తే చాలు, తొక్కేస్తుంది. స్టీరింగు పట్టుకున్నవాడు ముందుకి తూలి పడబోతాడు. "కళ్ళు నెత్తికెక్కాయా నాయనా?" అని చివాట్లు కూడా వాడికే. ఆ పేరు పెట్టింది ఏ శిష్యుడో గానీ, చివరికి మొగుడు సైతం ఫోనులో ఆమె నంబరు అదే పేరుతో దాచుకున్నాడు.

నలభై దాటాక ఆమెకి ట్రయథ్లాన్ పిచ్చి పట్టుకుంది. ముందు ఈత, నీళ్ళలోంచి లేచీ లేవగానే సైకిలు, సైకిలు దిగీ దిగగానే పరుగు. తడి బట్టలు ఒంటి మీదే ఆరాలి. "ఈ వయసులో ఇదేం సరదా, ఎవరైనా చూస్తే తరుముకొస్తున్నారనుకుంటారు" అని మొగుడు నవ్వాడు. ఆమె పట్టించుకోలేదు. తెల్లారకుండానే లేచి సైకిలు బయటికి తీసేది. ఎండ ముదిరాక తిరిగొచ్చేది. ఆ కాస్త పొద్దూ తనది. ఇంకెవరి వాటా అందులో లేదు.

తోడుగా ఇద్దరు దొరికారు. ఒకరు కళ్ళద్దాలాయన. బజారులో కళ్ళజోళ్ళ దుకాణం, ఇంటి డాబా నిండా ముళ్ళమొక్కలు. రెండో ఆయన లెక్కల మాస్టారు. పరుగెత్తేటప్పుడు కూడా ఈలపాట మానడు. ఆదివారం సాధన అయ్యాక ముగ్గురూ ఆ డాబా మీదకి చేరేవాళ్ళు. కళ్ళద్దాలాయన మొక్కలకి కుండీలు మార్చేవాడు. మాస్టారు ఈల వేసేవాడు. బ్రేకమ్మ పాత రేడియోలు విప్పి, తీగలు అతికి, మళ్ళీ పలికించేది. అది ఆమె ఇంకో సరదా. ఆ డాబా మీద ఆమెని వదినా అని గానీ పెద్దకోడలా అని గానీ పిలిచేవాళ్ళు లేరు.

అలాంటి చోటికి తోటికోడలు వచ్చి పడింది.

చిట్టి మరిది భార్య. రక్తపరీక్షలు చేసే ల్యాబులో పని. సూది గుచ్చినట్టే తెలీదని ఊళ్ళో మంచి పేరు. మాట కూడా అంత మెత్తన. ఆ మెత్తదనం చూస్తేనే బ్రేకమ్మకి ఒళ్ళుమంట. ఇద్దరిదీ ఒకటే ఇల్లు. పైన బ్రేకమ్మ, ఆమె మొగుడు. కింద మరిది, చిట్టి, మంచంలో ఉన్న అత్తగారు. ఎదురుపడితే నవ్వుకోవడం, లేకపోతే హాయిగా ఉండడం. ఇన్నేళ్ళూ అలా నెట్టుకొచ్చారు.

"నువ్వేంటి ఇక్కడ?" అంది బ్రేకమ్మ, నీళ్ళలోంచి తల పైకెత్తి.

"ఈతకొచ్చానక్కా. ఈ వేసవి పందేలకి నేనూ పేరిచ్చాను."

"నీకెందుకే ఈ పిచ్చి?"

"మీరు ఇన్నేళ్ళుగా వదలట్లేదుగా. మంచిదే అయ్యుంటుందనుకున్నా."

అని చిట్టి నీళ్ళలోకి దూకింది. దూకిందనే గానీ చప్పుడు లేదు. ఈ చివర మునిగి ఆ చివర తేలింది. బడిలో చదివే రోజుల్లో ఈతలో కప్పులు గెలిచిన మనిషట. పెళ్ళయ్యాక ఆ సంగతి అడిగినవాళ్ళు లేరు, ఆమె చెప్పిందీ లేదు. మాస్టారు ఈల ఆపేశాడు.

"అమ్మో! ఇది చేపపిల్లండీ బాబూ!" అన్నాడు.

తనని ఏనాడైనా ఆయన అలా అన్నాడా అని బ్రేకమ్మ గుర్తు చేసుకోబోయింది. అనలేదు. మొదట్లో ఒకసారి "మీరు నీళ్ళతో తగాదా పడుతున్నారండీ" అన్నాడు, అంతే.

మొదటి పందెం ఊరిబయట జలాశయంలో. చిట్టి ఈత ముగించి సైకిలెక్కేసరికి బ్రేకమ్మ ఇంకా నీళ్ళని కొడుతూనే ఉంది. అయితే చిట్టిది మరిది తొక్కి వదిలేసిన పాత సైకిలు. బ్రేకమ్మ దాన్ని సగం దారిలోనే దాటేసింది, పరుగులో ఇంకా ముందుకి పోయింది. గీత దాటి వెనక్కి తిరిగి చూస్తే తన దగ్గర ఎవరూ లేరు. అప్పటికే పందెం ముగించిన ఇద్దరు స్నేహితులూ చిట్టి కోసం నీళ్ళసీసాలు పట్టుకుని నిలబడ్డారు.

"మొదటిసారే ఇంత బాగా చేసిందంటే మాటలా!" అన్నాడు కళ్ళద్దాలాయన.

"నేను ముందొచ్చాను," అంది బ్రేకమ్మ.

"మీరు ఎప్పుడూ వస్తారుగా అమ్మా."

అది మెచ్చుకోలో దెప్పిపొడుపో ఆమెకి తేలలేదు. తేలకపోయేసరికి మరింత మండింది.

ఆ ఆదివారం చిట్టి డాబా మీదకి కూడా వచ్చింది. సంచీలోంచి కాగితాలు, పెన్సిలు తీసి ముళ్ళమొక్కల బొమ్మలు గీసింది. ఒక్కో ముల్లూ ఒడుపుగా దిగింది. కళ్ళద్దాలాయన మురిసిపోయి ఒక బొమ్మకి చట్రం కట్టించి దుకాణంలో వేలాడదీశాడు. ఆ పూట బ్రేకమ్మ ముందున్న రేడియో గురగురమంటోందే తప్ప పలకడం లేదు.

"ఇంకా పాడట్లేదా అక్కా అది?" అంది చిట్టి, తల ఎత్తకుండానే.

మిగతా ఇద్దరూ నవ్వారు. పెద్ద నవ్వేం కాదు. కానీ బ్రేకమ్మ తీగలన్నీ డబ్బాలో కుక్కేసి, కాఫీ కూడా తాగకుండా మెట్లు దిగిపోయింది. మరుసటి పొద్దున కొలను దగ్గర చిట్టి ఎప్పటిలాగే ఆలస్యంగా, చేతులు మోచేతుల దాకా తడిగా వచ్చింది. "మహారాణీగారికి తెల్లారిందా?" అని బ్రేకమ్మ అందరికీ వినబడేలా అంది. చిట్టి ఆమె వంక ఒక్క చూపు చూసి నీళ్ళలోకి దిగింది.

రెండో పందెం కొండదారిలో. అసలు గొడవ అక్కడే రాజుకుంది.

ఈసారి కూడా కొండ కింది చెరువులోంచి చిట్టే ముందు లేచింది. బ్రేకమ్మ పళ్ళు బిగించి ఎక్కుడు దారంతా తొక్కింది. మలుపు తిరగ్గానే రోడ్డు పక్కన చిట్టి కనిపించింది. సైకిలు బోర్లా పెట్టి, టైరు ఊడదీసి, చేతిలో పగిలిన ట్యూబుతో నిలబడి ఉంది. ఆమె దగ్గర వేరే ట్యూబు లేదు. కొత్త కదా, ఎవరూ చెప్పలేదు. బ్రేకమ్మ సీటు కింద సంచిలో ఒకటి కాదు, రెండున్నాయి. ఒక పోటీదారు ఇంకొకరికి ట్యూబు ఇవ్వకూడదనే నిబంధన కూడా ఏదీ లేదు.

చిట్టి చెయ్యెత్తింది. "అక్కా!"

బ్రేకమ్మకి ఆ పిలుపు వినబడింది. కాళ్ళు ఒక్క క్షణం నెమ్మదించాయి కూడా. అంతలో మాస్టారి మాట, డాబా మీద నవ్వు, దుకాణంలో చట్రం కట్టిన ముళ్ళమొక్క, అన్నీ కలిసి మీదపడ్డాయి. ఆమె గేరు మార్చి, తల వంచుకుని, ముందుకి పోయింది.

చిట్టి మిగతా కొండంతా సైకిలు నెట్టుకుంటూ నడిచి, ఆ తర్వాత పరుగు కూడా పూర్తిచేసి, అందరికంటే ఆఖరున వచ్చింది. అప్పటికే నిర్వాహకులు తాళ్ళు విప్పి కుర్చీలు మడుస్తున్నారు. ఆమె తిన్నగా బ్రేకమ్మ ముందుకొచ్చి నిలబడింది.

"నిన్ను చూడలేదే," అంది బ్రేకమ్మ, అడక్కుండానే.

"చూశారు. చూసి గేరు మార్చారు," అంది చిట్టి. గొంతు అదే మెత్తదనం. "ఆ టకటక ఇంకా నా చెవుల్లోనే ఉంది."

మాస్టారు వంగి బూటు తాడు కట్టుకున్నాడు. కళ్ళద్దాలాయన మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఆగి అడిగుండాల్సిందమ్మా. పరాయివాళ్ళకైనా ఆగుతాం," అన్నాడు.

"పందెం పందెమే. ఆవిడకి నేను ఆయాని కాదు."

"నేనన్నది పందెం గురించి కాదు."

ఆ మాటతో స్నేహం కూడా చెడింది. తర్వాతి ఆదివారం బ్రేకమ్మ డాబాకి వెళ్ళలేదు. రమ్మని ఎవరూ ఫోను చెయ్యలేదు. వాళ్ళు ముగ్గురూ కలిసి సైకిళ్ళ మీద పోతుంటే కారులోంచి చూసింది. ఆ రోజు కారు నేర్చుకుంటున్న పెద్దమనిషి, "ఏమిటమ్మా, రోడ్డు ఖాళీగానే ఉందిగా, బ్రేకెందుకు తొక్కారు?" అని అడిగితే, "నీ పని నువ్వు చూసుకో" అని కసిరింది. ఆయన మర్నాటి నుంచి రావడం మానేశాడు.

ఇంట్లో యుద్ధం మాటల్లేకుండా సాగింది. పైన ఆరేసిన తువ్వాళ్ళు కింద గచ్చు మీద పడితే అక్కడే పడి ఉండేవి, ఎవరూ పక్కన పెట్టేవాళ్ళు కాదు. మెట్ల కింద బ్రేకమ్మ సైకిలు ముందు పాత కుర్చీలు వచ్చి చేరేవి. ఆమె వాటిని తీసి చిట్టి గుమ్మానికి అడ్డంగా పెట్టేది. "ఏమిటే మీ ఇద్దరికీ?" అని మొగుడు అడిగాడు. "మీ తమ్ముణ్ణి అడగండి" అంది. మరిది తన భార్యని అడిగితే "మీ అన్నయ్యని అడగండి" అందట. అన్నదమ్ములిద్దరూ టీవీ గొంతు పెంచుకుని కూర్చున్నారు.

మూడో పందెం సముద్రం ఒడ్డున, వేసవి ఆఖరున. దానికోసం బ్రేకమ్మ కసితో సాధన చేసింది. చిట్టి కూడా తక్కువ తినలేదు. ఎక్కడి నుంచి తెచ్చిందో, కొత్త చక్రాలు వేయించుకుంది.

ఆ పొద్దున అలలు మొరటుగా ఉన్నాయి. గుంపులో ఎవరిదో మడమ తగిలి బ్రేకమ్మ ఈతకళ్ళజోడు పక్కకి జారింది. ఉప్పునీళ్ళు కంట్లోకి పోయాయి. ఒంటికన్నుతోనే ఈది బయటపడింది. సైకిలు మీద ఎదురుగాలి. ముందున్న వాళ్ళని ఒక్కొక్కళ్ళనే దాటుకుంటూ పోయింది గానీ చిట్టి వీపు మాత్రం చిక్కలేదు. పరుగులో, ఒడ్డు వెంట ఉన్న తారురోడ్డు మీద చిక్కింది. ఇద్దరూ పక్కపక్కనే వచ్చారు. ఒకరు ఓ అడుగు ముందుకి వేస్తే రెండో మనిషి ఓ అడుగు కలిపేది.

"దారి వదులు," అంది బ్రేకమ్మ, రొప్పుతూ.

"రోడ్డు... మీ పుట్టింటివాళ్ళు వేశారా?"

"నీకు నా మీదే ఎందుకే పోటీ? ఊళ్ళో ఇంకేమీ లేవా? పాటలు నేర్చుకో, బొమ్మలేసుకో. నాకున్న ఒక్కదాన్నీ లాక్కోవాలా?"

చిట్టి ఊపిరి కూడదీసుకుంది. ఆ తర్వాత ఆమె నోట్లోంచి మీరు పోయి నువ్వు వచ్చింది.

"నీ మీద పోటీయా? నువ్వు పొద్దున్నే సైకిలేసుకుని పోతావే, అత్తయ్యని లేపేదెవరు? స్నానానికి మోసుకుపోయేదెవరు?"

"అన్నదమ్ములు! వంతులేసుకున్నారుగా!"

"వంతులా!" చిట్టి నవ్వింది. నవ్వుకి ఊపిరి చాలక దగ్గు వచ్చింది. "ఆవిడ కాలికి ఆపరేషనై ఇంటికొచ్చాక... ఒక్క నెల చేశారు. మీ ఆయనకి నడుంనొప్పి. మా ఆయనకి నిద్ర. నాలుగేళ్ళుగా నేనే చేస్తున్నా. నువ్వు ఈతకొట్టిన ప్రతి పొద్దూ ఆవిడ నా భుజాల మీదే ఉంది. నాకూ ఊపిరాడాలిగా! అందుకే వచ్చా. నీ మొహం చూడ్డానికి రాలేదు."

"మరి చెప్పలేదేం?"

"అడిగావా? ఒక్కసారైనా కిందకి తొంగిచూసి అడిగావా?"

రోడ్డు పక్కన నిలబడ్డ జనం, ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటున్నారనుకుని, చప్పట్లు కొట్టారు. "అలాగే, అలాగే! భలే జోడీ!" అని ఎవరో అరిచారు.

బ్రేకమ్మ ఆగాల్సింది. ఆగి ఒక మాట అనాల్సింది. కానీ ఆమెకి తెలిసిన పని ఒకటే, కాళ్ళు ఆడించడం. సిగ్గు నెత్తికెక్కినంత వేగంగా కాళ్ళలోకీ దిగింది. ఆమె చిట్టిని వదిలించుకుని, వెనక్కి తిరక్కుండా, గీత దాటేసింది. చిట్టి కాసేపటికి వచ్చింది. పోటీదారులంతా చేతులు కలుపుకుంటున్నారు. చిట్టి ఆమె చాచిన చేతిని దాటుకుని నీళ్ళబల్ల దగ్గరికి నడిచింది.

మైకులో ఒకాయన, "ఒకే ఇంటి కోడళ్ళట, ఎంత ముచ్చటో చూడండి!" అన్నాడు. ఎవరు చెప్పారో ఏమో.

ఇంటికొచ్చాక బ్రేకమ్మ మెడలో పతకం కూడా తియ్యకుండా మొగుడి ముందు నిలబడింది.

"పొద్దున్నపూట అత్తయ్యని ఎవరు లేపుతున్నారు?"

"చిట్టి. ఏం?"

"మీరు చేస్తున్నారనుకున్నాను."

"నేనా? నా నడుం సంగతి తెలీదూ నీకు?"

"నడుంనొప్పితో నిన్న క్యారమ్స్ బల్ల ఒక్కరే ఎత్తారుగా."

ఆయన నోరు మూతపడింది. ఆమె నోరు తెరుచుకుంది. ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో జరిగిన పంచాయతీ వీధి చివరి దాకా వినబడింది. మరిదిని కూడా కింద గదిలోంచి లాక్కొచ్చి కూర్చోబెట్టింది. "మాకు అలవాటు లేదు వదినా" అని అతను నసిగితే, "పుట్టుకతోనే చిట్టికి అలవాటుందా?" అని అరిచింది. అత్తగారు మంచం మీంచే, "నా కొడుకుల్ని అనకు" అని అడ్డుపడింది. అన్నీ తెలిసి, కొడుకుల పరువు పోతుందని ఇన్నాళ్ళూ ఆవిడే నోరు కట్టుకుని ఉందని అప్పుడు బయటపడింది. బ్రేకమ్మకి ఎవరి మీద కోప్పడాలో తెలియనంత మంది దొరికారు. అందరి మీదా తలా కాస్త పంచింది. తన మీద తాను కోప్పడాల్సిన వాటా మాత్రం ఎవరికీ కనబడకుండా మింగింది.

చిట్టి అదంతా గుమ్మంలో నిలబడి విన్నది. మెచ్చుకోలేదు, కాదనలేదు.

"నా తరఫున అరవమని నేనడగలేదు," అని మాత్రం అంది.

"నీ తరఫున ఎవరరిచారు? నా పొద్దుల కోసం అరిచాను. ఇప్పుడవి దొంగసొమ్మయి కూర్చున్నాయి."

మర్నాడు తెల్లారి బ్రేకమ్మ సైకిలు తియ్యకుండా కిందకి దిగింది. అత్తగారి చంకల కింద చేతులు పెట్టి లేపబోయింది. సగంలో ఆవిడ కెవ్వున అరిచింది.

"అలాగటే లేపేది? గేదెని తోలినట్టు! చిట్టిని పిలు."

చిట్టి అప్పటికే తలుపు దగ్గరుంది. చేతులు కట్టుకుని గోడకి ఆనుకుంది.

"చెయ్యనీండి అత్తయ్యా. అక్కకి కండలున్నాయిగా."

"ముందు ఏ కాలు దించాలి?" అంది బ్రేకమ్మ, వెనక్కి తిరక్కుండా.

చిట్టి గోడ వదిలి ఒక అడుగు ముందుకొచ్చింది.

"బాగున్న కాలు. ముందు ఆవిణ్ణి మంచం అంచుకి జరపండి. లాగకండి." మీరు తిరిగొచ్చింది, దానితో పాటు పాత దూరమూ తిరిగొచ్చింది. "వేడినీళ్ళు నేను పెట్టను. నేను ఈతకి పోతున్నా."

వెళ్ళిపోయింది. వీధి గేటు గట్టిగా వేసిన చప్పుడు వినబడింది. తన పొద్దుని చిట్టి అలా పట్టుకుపోతుంటే బ్రేకమ్మ పళ్ళు నూరింది. నూరుతూనే అత్తగారిని అంచుకి జరిపింది.

ఆ తర్వాత పొద్దులు నలుగురికీ పంపకమయ్యాయి. మొగుడి వంతు వచ్చిన రోజు అతని మూలుగు పై అంతస్తు దాకా వినబడేది. మరిది రెండుసార్లు ఎగ్గొట్టబోయాడు. రెండోసారి బ్రేకమ్మ అతని దుప్పటి లాగేసింది. బ్రేకమ్మ మళ్ళీ డాబాకి వెళ్ళి రేడియో విప్పింది గానీ, చిట్టి ఈ చివర కూర్చుంటే ఆమె ఆ చివర కూర్చునేది. ఒకరోజు కళ్ళద్దాలాయన, "పోన్లేమ్మా, ఇద్దరూ కలిసిపోయారు," అనబోయాడు. "ఎవరు కలిశారు?" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఆయన కుండీల్లో తల దూర్చేశాడు.

ట్యూబు సంగతి ఎవరూ ఎత్తలేదు. క్షమించమని బ్రేకమ్మ అడగలేదు. అడిగి ఉంటే చిట్టి క్షమించేదని కూడా ఆమెకి నమ్మకం లేదు.

ఒక పొద్దున అత్తగారికి స్నానం చేయించి కుర్చీలో కూర్చోబెట్టాక, ఆవిడ తల తుడిపించుకుంటూ అడిగింది.

"సముద్రం దగ్గర మీ ఇద్దర్లో ఎవరు గెలిచారే?"

"నేనే."

"ఆ పిల్ల గెలవాల్సింది."

బ్రేకమ్మ తువ్వాలుతో ఆవిడ పాదాల దగ్గరికి వంగింది.

"వచ్చే ఏడు ప్రయత్నించమనండి," అంది. "కాళ్ళు చాపండి, ఇంకా తడిగా ఉన్నాయి."